నోటికెక్కిన వ్యాకరణం

తర్వాతి రోజుల్లో జ్ఞానపీఠం అందుకున్న కన్నడ కవి వి.కె. గోకక్, 1959లో హైదరాబాదులో ఇంగ్లీషు పంతుళ్లకు శిక్షణ ఇచ్చే సంస్థకు డైరెక్టరయ్యారు. అది 1958లో పుట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, ఇప్పటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అదే 1959లో అమెరికాలో భాషాశాస్త్రవేత్త చామ్‌స్కీ, మనస్తత్వవేత్త స్కిన్నర్ పుస్తకాన్ని సమీక్షిస్తూ, భాష అలవాటుతో అబ్బేదన్న వాదాన్ని చీల్చి చెండాడాడు. ఒకే వాక్యాన్ని మార్చి మార్చి పలికించే డ్రిల్లుకు అండగా నిలిచిన సిద్ధాంతం అక్కడ కూలుతుంటే, ఇక్కడ డ్రిల్లు చేయించే పంతుళ్లు తయారవుతున్నారు! ఈ సంగతి తెలిశాక ఆ డ్రిల్లు పూర్వీకులెవరో వెతక్కుండా ఉండలేకపోయాను.

వల్లె వేయడం మనకు కొత్త కాదు. శబ్దమంజరి పట్టిన పిల్లవాడు ఒక్కో శబ్దానికి ఇరవై నాలుగు రూపాలు రాగం తీసి అప్పజెప్పేవాడు. అయితే అక్కడ మారేది పదం, వాక్యం కాదు. 1873లో ఆర్డెన్ దొర తెలుగు వ్యాకరణాన్ని అభ్యాసాలతో అచ్చేశాడు. వాక్యాన్నే మార్చే పద్ధతితో 1916లో ఇంగ్లండులో హెరాల్డ్ పామర్ వంద పట్టికలతో పుస్తకం తెచ్చాడు. పట్టికలో ఒక్కో గడి నుంచి ఒక్కో మాట ఏరుకుంటే కొత్త వాక్యం తయారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ఈ తరహా సాధనను సిపాయిల నోట పలికించింది.

తెలుగుకు ఈ డ్రిల్లు ఎంత చక్కగా అమరుతుందో చూడండి. పంతులు "నేను వచ్చాను" అంటాడు. తర్వాత "మా అన్నయ్య" అని ఆగుతాడు. తరగతి "మా అన్నయ్య వచ్చాడు" అనాలి. "మా అమ్మ" అంటే "మా అమ్మ వచ్చింది", "మా మామయ్యగారు" అంటే "వచ్చారు". లింగం, వచనం, మర్యాద అన్నీ క్రియ చివర్లోనే తేలిపోతాయి. సూత్రం చెప్పే పనే లేదు. తెలుగు నేర్పే పుస్తకాలూ వచ్చాయి. 1963లో భాషాశాస్త్రవేత్త లీ లిస్కర్ అమెరికా విద్యార్థుల కోసం వ్యావహారిక తెలుగు వాచకం రాశాడు. 1968లో భద్రిరాజు కృష్ణమూర్తి, శివానంద శర్మ కలిసి ఆధునిక తెలుగు పాఠాలు తెచ్చారు.

మన బడుల్లో మాత్రం డ్రిల్లు నోటి నుంచి జారి గైడు పుస్తకంలో ఖాళీలు పూరించే పనైపోయింది. నా దృష్టిలో అసలు నష్టం అదే. వినడం, వెంటనే బదులు పలకడం పోయి మార్కులు మిగిలాయి. భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979లో బెంగళూరు ప్రాజెక్టు మొదలుపెట్టి, వ్యాకరణం ఊసెత్తకుండా పిల్లలకు పనులిచ్చి భాష నేర్పి చూపించారు. మంచి మార్గమే. కానీ దాని పేరు చెప్పి నోటి సాధనను పూర్తిగా పారేయడం పొరపాటు.

విదేశాల్లో శని, ఆదివారాలు తెలుగు నేర్పుతున్న అమ్మానాన్నలకు ఒక మాట. క్రియారూపాల పట్టిక అచ్చుతీసి పంచకండి. "మా అన్నయ్య" అని ఆగండి, మిగతాది పిల్లల్ని చెప్పనివ్వండి.