సరుగుడుకు యూరియా వేసే ముందు వేరు చూడండి

కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు వేసిన రైతులు మొక్క ఎదగడం లేదనగానే యూరియా బస్తా తెస్తుంటారు. చాలా తోటల్లో అది వృథా ఖర్చే. ఈ చెట్టు నేలలోని పోషకాలను బట్టి తన వేర్ల తీరు మార్చుకుంటుంది. కాబట్టి ముందు వేరును చూడాలి.

నత్రజని తక్కువగా ఉన్న నేలలో సరుగుడు వేర్లపై ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి చేరి గుత్తులు గుత్తులుగా బుడిపెలు ఏర్పడతాయి. పెసర, మినుములో రైజోబియం చేసే పనే ఇక్కడ ఇది చేస్తుంది. గాలిలోని నత్రజనిని చెట్టుకిచ్చి, బదులుగా చెట్టు నుంచి చక్కెరలు తీసుకుంటుంది. చెట్టుకిది ఖర్చుతో కూడిన బేరం. అందుకే నేలలోనే నత్రజని దండిగా దొరికితే బుడిపెలు తగ్గిపోతాయి. మీరు యూరియా ఎక్కువ వేస్తే జరిగేదీ అదే: ఊరికే వచ్చేదాన్ని ఆపి, డబ్బు పెట్టి కొంటున్నారు. బాగా ఎరువులు వేసి మిరప పండించిన చేలో నాటినప్పుడు బుడిపెలు తక్కువగా ఉన్నా కంగారు పడకండి.

భాస్వరం సంగతి వేరు. అది గాలిలో దొరకదు, నేలలో ఉన్నా పెద్దగా కదలదు. అందుకే చెట్టు మైకోరైజా శిలీంధ్రంతో పొత్తు పెట్టుకుంటుంది. దాని సన్నని పోగులు వేరు చేరలేని చోటు నుంచి భాస్వరం తెస్తాయి. బుడిపెలు పనిచేయడానికీ భాస్వరమే కావాలి.

లేత తోటలో మొక్క పసుపు రంగుకు తిరిగితే ముందు నీరు నిలుస్తోందేమో చూడండి. తర్వాత మొదలు దగ్గర పైమట్టి మెల్లగా తీయండి. బుడిపెలు లేకపోతే కొద్దిగా యూరియా వేయవచ్చు. బుడిపెలుండీ ఎదుగుదల లేకపోతే భాస్వరం లోపాన్ని అనుమానించి, భూసార పరీక్ష చేయించి సూపర్ ఫాస్ఫేట్ వేయండి. అందులో 16 శాతం భాస్వరంతో పాటు గంధకం, కాల్షియం కూడా ఉంటాయి.

అసలు మేలైన పద్ధతి నర్సరీలోనే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత తోట నుంచి తాజా బుడిపెలు తెచ్చి, కడిగి, నలిపి నీళ్లలో కలిపి నారు మొదళ్లలో పోయండి. ఎండు తెగులు ఉన్న తోట నుంచి మాత్రం బుడిపెలు గానీ మట్టి గానీ తేవద్దు.

ఇక రాలిన ఆకు. ఆకు రాలేలోపు చెట్టు అందులోని పోషకాలను కొంత వెనక్కి లాక్కుంటుంది, మిగిలినవి నేలకు చేరాలి. వంటచెరకుకని ఊడ్చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. నరికేటప్పుడు కూడా ఆకును, సన్నకొమ్మలను చేలోనే వదలండి. మొదళ్లు పెకలించక తప్పకపోతే, బుడిపెలున్న సన్నవేర్లను అక్కడే దులిపేయండి.