ఖైదీకి తిరిగివచ్చిన కాలు

1941 ఆగస్టు 9. ఉత్తర ఫ్రాన్సు గగనతలంలో బ్రిటిష్, జర్మన్ యుద్ధవిమానాల మధ్య జరిగిన పోరులో వింగ్ కమాండర్ డగ్లస్ బేడర్ నడుపుతున్న స్పిట్‌ఫైర్ తోకభాగం తెగిపోయింది. శత్రు విమానం ఢీకొన్నదని బేడర్ నమ్మాడు. జర్మన్ రికార్డులలో అటువంటి ఢీ కనబడదు. పొరబాటున సాటి బ్రిటిష్ విమానమే కాల్చి ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు కొందరు భావించారు.

కూలుతున్న విమానంలోంచి బయటపడబోతే బేడర్ కుడికాలు ఇరుక్కుపోయింది. అది లోహపు కాలు. 1931 డిసెంబరులో నేలకు మరీ దగ్గరగా విన్యాసం చేయబోయి కూలినప్పుడు, అతని ప్రాణం నిలపడానికి శస్త్రవైద్యులు కుడికాలిని మోకాలికి పైన, ఎడమకాలిని మోకాలికి దిగువన తొలగించారు. 1933లో వైమానిక దళం అతణ్ణి ఇంటికి పంపింది. 1939లో యుద్ధం రాగానే తిరిగి చేర్చుకుంది. ఇప్పుడు ఆ కాలిని ఒంటికి బిగించిన పటకా పుటుక్కున తెగింది. కాలు విమానంతో పోయింది. మనిషి పారాచూట్‌తో దిగి పట్టుబడ్డాడు. అది రక్తమాంసాల కాలే అయివుంటే అతని కథ అక్కడితో ముగిసేది.

శిథిలాలలో దొరికిన కాలిని జర్మన్లు బాగుచేయించి ఇచ్చారు. వారి ప్రసిద్ధ వైమానికుడు అడాల్ఫ్ గాలండ్ అతణ్ణి అతిథిగా ఆదరించాడు. బేడర్ మాత్రం ఆ కాలితోనే, దుప్పట్లు ముడివేసి, సాంత్-ఒమేర్ ఆసుపత్రి కిటికీలోంచి దిగి పారిపోయాడు; త్వరలోనే మళ్ళీ దొరికాడు. కొత్త కాలు తెచ్చే విమానానికి అభయమిస్తామని జర్మన్లు కబురు చేసినా, బ్రిటిష్‌వారు దానిని స్వీకరించక, ఆగస్టు 19న బాంబుదాడికి వెళుతూ దారిలో కాలిని జారవిడిచారు.

ఖైదీ సొంత వస్తువులు అతని వద్దనే ఉండాలనీ, ఆయుధాలూ గుర్రాలూ సైనిక సామగ్రీ మాత్రం స్వాధీనం చేసుకోవచ్చుననీ 1929 నాటి జెనీవా ఒప్పందం చెబుతుంది. పారిపోవడానికి పనికివచ్చే కృత్రిమ కాలు ఏ కోవకు చెందుతుంది? తప్పించుకునే ప్రయత్నాలు మానని బేడర్‌ను, కాళ్ళు లాగేసుకుంటామని జర్మన్లు తరువాత బెదిరించారు. కాళ్ళు పోగొట్టుకున్నవారికి చికిత్స చేసిన వైద్యుడిగా నాకు ఇందులో సందేహం లేదు. తొడిగిన కాలు కొన్నాళ్ళకు శరీరమే అవుతుంది. దానిని లాక్కోవడం రెండవసారి కాలు తీయడమే.

శత్రువుల మధ్య ఈ మర్యాద నిజమే. అయితే దానికి ఒక హద్దు ఉంది. బేడర్ పలాయనానికి తోడ్పడిన ఆసుపత్రి ఉద్యోగిని, అతణ్ణి తమ ఇంట దాచిన వృద్ధ ఫ్రెంచి దంపతులు అదే జర్మన్లకు బందీలై జర్మనీలో శిక్ష అనుభవించారు. 1942లో కోల్డిట్జ్ కోటకు చేరిన బేడర్‌ను 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం విడిపించింది. ఆకాశంలో తిరిగే అధికారికి దక్కిన మన్నన, నేలమీది సామాన్యులకు దక్కలేదు. కాలు కథ చెప్పుకునేటప్పుడు ఆ ముగ్గురినీ కూడా తలచుకోవాలి.