ప్రోస్టేటు రాచపుండు: చికిత్స నడచిన దారి



నేడు నేను చెప్పబోవు విషయము రచ్చబండపై ఎవరును ఎత్తునది కాదు. పురుషులకు మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టుకొని, ఉసిరికాయంత గ్రంథి యొకటి కలదు. దానిని ప్రోస్టేటు గ్రంథి యందురు. ముదిమిలో దానికి రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టుట కలదు. 2015లో నా భర్తగారికి ఆ రోగము బయటపడెను. అప్పటికే అది యెముకలకు ప్రాకియుండెను. 2021లో వారు గతించువరకు నేను పరిచర్య చేసితిని. వైద్యులు చేసిన ప్రతి పని వెనుక నొక చరిత్ర కలదని ఆలస్యముగా తెలిసికొంటిని. ముందే యెరిగియున్నచో రెండు పొరపాట్లు చేయకుందును. ఆ చరిత్రను, ఆ పొరపాట్లను మీకు మనవి చేసెదను.

1853లో లండను నగరమున జాన్ ఆడమ్స్ అను శస్త్రవైద్యుడు ఈ గ్రంథికి పుట్టిన రాచపుండును పరీక్షించి, వివరము ప్రకటించెను. ఇది చాల అరుదైన వ్యాధి యని ఆయన తలంచెను. ఆ కాలమున ముసలితనము వరకు బ్రదుకువారే తక్కువ. ఆయుర్దాయము పెరిగినకొలది రోగమును ఎక్కువగా కనబడసాగెను. నేడు పురుషులకు తరచుగా వచ్చు క్యాన్సర్లలో ఇది యొకటి.

కోడెకు విత్తులు కొట్టించినచో పొగరు తగ్గునని, మూపురము పెరగదని మన రైతులెల్లరు నెరుగుదురు. అట్టి పశువులలో ప్రోస్టేటు గ్రంథియు కృశించునని జాన్ హంటర్ అను వైద్యుడు 1786లోనే వ్రాసెను. ఆ గ్రంథిని పోషించునది వృషణములలో పుట్టు రసమే యని దీనివలన తేలుచున్నది. దానినే నేడు హార్మోను అనుచున్నాము.

ఈ సూత్రమును రాచపుండునకు అన్వయించినవాడు చార్లెస్ హగ్గిన్స్. ఈయన కెనడాలో పుట్టి, అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున పనిచేసెను. మొదట కుక్కలపై పరిశోధనలు చేసి, 1941లో క్లారెన్స్ హాడ్జెస్‌తో కలసి ఫలితములు ప్రకటించెను. వృషణములు తీసివేసినను, స్త్రీ హార్మోను ఇచ్చినను ఈ రోగము లొంగుచున్నదని వారు చూపిరి. ఎముకల నొప్పితో మంచము పట్టినవారిలో పలువురు కొలది దినములలోనే తేరుకొనిరి. ఇది రోగమును నిర్మూలించు చికిత్స కాదు, దాని మేతను ఆపు చికిత్స. 1966లో హగ్గిన్స్‌కు నోబెలు బహుమానము లభించెను.

మా వైద్యుడును రెండు మార్గములు చెప్పెను: శస్త్రచికిత్సతో వృషణములు తీసివేయుట, లేక మూడు నెలలకొక సూది మందు వేయించుకొనుట. మావారు తలవంచుకొని, "నేను గిత్తనా, విత్తులు కొట్టించుటకు?" అనిరి. సూది మందునకే ఒప్పుకొనిరి.

ఆ సూదికిని చరిత్ర కలదు. 1938లో లండనులో డాడ్స్ అను శాస్త్రజ్ఞుడు స్టిల్‌బెస్ట్రాల్ అను కృత్రిమ స్త్రీ హార్మోనును తయారుచేసెను. చౌకయైన ఆ మాత్ర చాల కాలము వాడుకలో నుండెను. కాని పెద్ద మోతాదులలో అది గుండెకు చేటు తెచ్చునని 1960ల దశకమున అమెరికాలో తేలెను. అటుపిమ్మట ఆండ్రూ షాలీ బృందము లక్షకు పైగా పందుల మెదడు భాగములనుండి, వృషణములకు ఆజ్ఞలు పంపు వ్యవస్థకు మూలమైన హార్మోనును వేరుచేసి, 1971లో దాని నిర్మాణమును తెలిపెను. షాలీ 1977లో నోబెలు బహుమానము పొందినవారిలో ఒకడు. ఆ హార్మోనును పోలిన మందే మావారికి వేసిన సూది. అది తొలుత వృషణములను రెచ్చగొట్టి, కొలది వారములలో అణచివేయును. కనుక మొదట నొప్పులు హెచ్చకుండుటకై ముందుగా మాత్రలిత్తురు.

ఇక నా మొదటి పొరపాటు. రెండవ సూది తరువాత మావారు పుష్యమాసపు చలిలో చెమటతో తడిసి లేచుచుండిరి. చిన్న మాటకు కోపము, మరుక్షణమే కన్నీరు. మంచము వసారాలోనికి మార్చుకొనిరి. నామీద మనసు విరిగినదని తలచి నేనును మాటలు తగ్గించితిని. మూడు నెలలు అట్లే గడచెను. ఒకనాడు ఆసుపత్రిలో నర్సు, "అమ్మా, మీకు ముట్లుడిగినప్పుడు ఆవిర్లు రాలేదా? ఇదియు అట్టిదే" అనెను. నాకు కన్నులు తెరిపిడి పడెను. మగవానికి కోరిక పోవుట, నీరసము, దిగులు, ఎముకలు పలుచనగుట, ఇవన్నియు మందు పనియే. మనిషి మారుట కాదు. ఆ రాత్రి వారితో ఈ మాట చెప్పితిని. వారు చాల సేపటికి నవ్వి, "నాడు నీవు పడినప్పుడు నేను విసుగుకొంటిని" అనిరి. మంచము లోనికి వచ్చెను. నేను విసనకర్ర దగ్గర పెట్టుకొంటిని.

సూదితో నాలుగేండ్లు గడచెను. మేత ఆపినను రోగము మరల తలయెత్తుట కలదు. మూత్రపిండములపైనున్న గ్రంథులును కొంత హార్మోనును పుట్టించునని హగ్గిన్స్ 1945 నాటికే గ్రహించి, వానిని తీసివేయుటకును యత్నించెను. అదే పనిని నేడు శస్త్రము లేకుండ చేయు అబిరాటెరోన్ అను మాత్ర 2011లో అమెరికాలో అనుమతి పొందెను. అంతకుముందు 2004లో డోసెటాక్సెల్ అను కీమో మందు ఈ దశలో ఆయుర్దాయమును పెంచునని ఋజువయ్యెను. యూ అను చెట్టు ఆకులనుండి దానికి మూలపదార్థము తీయుదురు. మావారు రెండును వాడిరి. కీమో దినములలో జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదని నేర్చుకొంటిని.

రెండవ పొరపాటు 2020లో జరిగెను. వారికి నడుము నొప్పి వచ్చెను. పొలము పనివారికి నడుము నొప్పి క్రొత్తయా? నాలుగు దినములు నువ్వుల నూనె కాచి మర్దన చేసితిని. అయిదవనాడు కాళ్లు మొద్దుబారి, మూత్రము బంధించెను. వెన్నుపూస కూలి వెన్నుపామును నొక్కుచున్నదని స్కానింగులో తెలిసెను. స్టెరాయిడ్లు, కిరణ చికిత్స ఇచ్చిరి. "నడవగలిగినప్పుడే తెచ్చియున్నచో నడక నిలుచుటకు అవకాశము ఎక్కువ యుండెడిది" అని వైద్యుడు చెప్పెను. వారు మరల నడవలేదు. మూత్రపు గొట్టము కడుగుట, పడకపుండ్లు పడకుండ గంటలు లెక్కించి ప్రక్కకు త్రిప్పుట, ఇదియే మా చివరి సంవత్సరము. ఒకరాత్రి వారు నా చేయి పట్టుకొని, "తిమ్మిరి సంగతి రెండు దినములు నేనే దాచితిని. నీవు దిగులుపడకుము" అనిరి.

పెద్దలారా, ఈ రోగము గలవారికి క్రొత్తగా నడుము నొప్పి గాని, కాళ్ల తిమ్మిరి గాని వచ్చినచో ఆనాడే ఆసుపత్రికి పొండు. చికిత్స తెచ్చు మార్పులను భార్యకు దాచకుడు. ఇల్లాండ్రును వైద్యుని గదిలోనికి తోడు తీసికొనిపొండు. హంటర్ నుండి షాలీ వరకు మహనీయులెందరో మందు వెదకిరి. తిమ్మిరి సంగతి మాత్రము రోగి నోట రావలసినదే.

సెలవు.