1800 జీతం, 1000 లెక్క: గ్రాస్ అనే మాట వెనక కథ

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది మెసేజ్ పెట్టారు, "అన్నా, గ్రాస్ గురించి చెప్పింది జర రాసి పెట్టు, మాట్లాడేటప్పుడు స్పీడ్‌గా పోయింది" అని. అందుకే ఇది రాస్తున్నా. అప్పుడు టైమ్ లేక వదిలేసినవి కూడా కొన్ని కలిపాను. నాది ఐటీఐ చదువు, లాయర్ని కాను. కానీ ఇరవై ఏళ్ల నుంచి గల్ఫ్‌లో సైట్ల మీద ఉన్నాను కాబట్టి జీతం కాగితాలు మాత్రం చాలా చూశాను.

ముందు ఒక తమ్ముడి సంగతి చెప్తా. జగిత్యాల దిక్కు పిల్లగాడు, స్టీల్ ఫిక్సర్. దోహాలో మా దగ్గర నాలుగేళ్లు చేసి ఇంటికి పోతున్నాడు. సెటిల్‌మెంట్ కాగితం పట్టుకుని సైట్ ఆఫీస్ కంటైనర్‌లోకి వచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"సార్, నా జీతం పద్దెనిమిది వందలు కదా. ఏడాదికి మూడు వారాల పైసలు లెక్కన నాలుగేళ్లకు ఐదు వేల పైన రావాలె. వీళ్లు రెండు వేల ఎనిమిది వందలే రాసిండ్రు. మోసం కాదా ఇది?"

కూర్చోబెట్టి లెక్క వేశాను. అతని లెక్కలో తప్పు లేదు. 1800ని 30తో భాగించి 21తో గుణిస్తే 1260, నాలుగేళ్లకి 5040 రియాళ్లు. కంపెనీ లెక్కలో కూడా తప్పు లేదు. 1000ని 30తో భాగించి 21తో గుణిస్తే 700, నాలుగేళ్లకి 2800. మధ్యలో తేడా 2240 రియాళ్లు. చెల్లె పెళ్లికి తెచ్చిన అప్పు మిత్తికి అతను అనుకుని పెట్టుకున్న పైసలు అవి.

ఖతర్‌లో 2021 మార్చి నుంచి కనీస జీతం 1000 రియాళ్లు. కంపెనీ రూమ్ ఇవ్వకపోతే దాని మీద 500, తిండి పెట్టకపోతే 300 ఇవ్వాలి. ఈ తమ్ముడు బయట రూమ్‌లో ఉండి తనే వండుకునేవాడు కాబట్టి మూడూ కలిపి 1800 బ్యాంకులో పడేవి. అది గ్రాస్. కానీ పోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీకి అక్కడి చట్టం పట్టుకునేది చివరి బేసిక్ జీతాన్ని. ఓవర్‌టైమ్ కూడా బేసిక్ మీదే, దానికి కనీసం 25 శాతం కలిపి. అంటే నెలనెలా చేతికొచ్చిన 1800లో 800 ఆ లెక్కలోకి రానే రాదు. మోసం కాదు తమ్మీ, కాగితంలో మొదటి రోజు నుంచీ అట్లనే ఉంది అని చెప్పాల్సి వచ్చింది. చెప్తుంటే నాకే బాధేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఈ గ్రాస్ గొడవ ఎక్కడ మొదలైందా అని చదవడం మొదలుపెట్టాను. పోయిన ఎపిసోడ్ అక్కడినుంచే పుట్టింది.

గ్రాస్ అనేది ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట. లావు, మందం అని దాని అర్థం. నెట్ కూడా అటునుంచే వచ్చింది, శుభ్రమైనది అని అర్థం. అంటే తొక్కతో సహా తూచేది గ్రాస్, ఒలిచాక మిగిలేది నెట్. సరుకుని మొత్తంగా కొని అమ్మేవాడు కాబట్టే ఇంగ్లిష్‌లో కిరాణా అతన్ని గ్రోసర్ అన్నారు. బిల్లుల్లోనూ అంతే. మా సైట్‌లో సబ్ కాంట్రాక్టర్ నెల బిల్లు పెడితే పైన గ్రాస్ విలువ రాస్తాం. దాంట్లోంచి రిటెన్షన్, అడ్వాన్స్ రికవరీ, ముందు ఇచ్చింది తీసేస్తే కింద నెట్ వస్తుంది. అక్కడ ఎవరూ ఏడవరు, ఎందుకంటే రిటెన్షన్ పని అయ్యాక తిరిగొస్తుంది. కూలివాడి గ్రాస్‌లోంచి పోయింది మాత్రం తిరిగి రాదు.

ఇంగ్లండ్‌లో లెస్టర్, నాటింగ్‌హామ్ చుట్టుపక్కల ఊళ్లలో మేజోళ్లు అల్లేవాళ్లు ఉండేవారు. అల్లిక యంత్రం వాళ్లది కాదు, యజమానిది. డజనుకి ఇంత అని కూలి రేటు. ఆ కూలిలోంచి యంత్రం అద్దె, దారం చుట్టినందుకు, షాపులో నిలబడే జాగాకి, దీపానికి, నిప్పుకి అని కోతలు పడేవి. అద్దె వారానికి ఇంత అని ముందే ఫిక్స్. వారంలో రెండు రోజులే పని ఉన్నా పూర్తి అద్దె కట్టాల్సిందే. జ్వరం వచ్చి పడుకున్నా సరే.

ఇప్పుడు యజమాని ఏం చేస్తాడు? ముప్పై మందికి సరిపడా పని ఉంటే యాభై మందికి పంచుతాడు. పని అంతే, కూలి ఖర్చు అంతే, కానీ యాభై యంత్రాల అద్దె వస్తుంది. ఇది నా ఊహ కాదు, 1840లలో ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ ముందు కూలీలు మొరపెట్టుకున్నది ఇదే. మేజోళ్ల మీద వచ్చే లాభం కన్నా అద్దె మీద వచ్చే ఆదాయమే నమ్మకంగా ఉండేది. నాకు మాత్రం ఇది చదవగానే ఒక్క రూమ్‌లో పన్నెండు మంచాలు వేసి మనిషికి ఇంత అని కోసే లెక్క గుర్తొచ్చింది.

అప్పటికే 1831లో అక్కడ ట్రక్ చట్టం అని ఒకటి వచ్చి ఉంది. ట్రక్ అంటే మన లారీ కాదు, సరుకుకి సరుకు మార్చుకోవడం అనే పాత అర్థం. కూలి డబ్బుల్లోనే ఇవ్వాలి, యజమాని కొట్టు చీటీలు, సరుకులు ఇవ్వకూడదు అని ఆ చట్టం. దాన్ని పట్టుకుని మేజోళ్ల కూలి ఒకడు కోర్టుకెళ్లాడు, నా కూలి మొత్తం ఇవ్వలేదు అని. ఆర్చర్ వర్సెస్ జేమ్స్ కేసు, 1859 నాటిది. జడ్జీల ముందు ఉన్న ప్రశ్న ఒకటే: కూలి అంటే ఏది, కోతకి ముందుదా, తర్వాతదా? గ్రాస్‌దే కూలి అయితే అద్దె కోయడం నేరం. కోతలు పోగా మిగిలిందే కూలి అంటే అసలు కోతే జరగనట్టు, అది లెక్కగట్టే పద్ధతి మాత్రమే.

పై కోర్టులో జడ్జీలు సగం సగం అయిపోయారు. సగం మంది ఒక మాట, సగం మంది ఇంకో మాట. అట్లా సమానమైతే కింది కోర్టు తీర్పే నిలుస్తుంది కాబట్టి కూలి ఓడిపోయాడు. చివరికి 1874లో పార్లమెంటు ఈ ఒక్క పని కోసమే వేరే చట్టం చేసి యంత్రం అద్దె కోతని ఆపింది. పదిహేనేళ్లు పట్టింది. ఒక్క మాటకి అర్థం ఏంటో తేల్చడానికి!

అదే కాలంలో మనవాళ్లు సముద్రం దాటుతున్నారు. మారిషస్‌కి 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడలో మొదటి బ్యాచ్‌గా 36 మంది దిగారు. వాళ్లు తెలుగువాళ్లు కాదు, కలకత్తా నుంచి వెళ్లిన కొండ ప్రాంతాల మనుషులు. ఒప్పందం ఐదేళ్లు. మగవాళ్లకి నెలకి 5 రూపాయలు, ఆరు నెలల జీతం అడ్వాన్స్. అందులో నెలకో రూపాయి తిరుగు ప్రయాణం ఖర్చు కింద పట్టి ఉంచుకుంటారు. అంటే గ్రాస్ ఐదు, అడ్వాన్స్ తీరాక కూడా చేతికి నాలుగు. తర్వాత తర్వాత మన తీరం నుంచీ వెళ్లారు. గోదావరి పక్కన కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. ఆ తోటల్లో ఇంకో పద్ధతి ఉండేది, డబుల్ కట్. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం పోయేది. ఈ మాట మనలో చాలామందికి కొత్తగా అనిపించకపోవచ్చు.

మన దేశంలో 1936లో జీతాల చెల్లింపు చట్టం వచ్చింది. నేను ఐటీఐలో ఉన్నప్పుడు ఇది సిలబస్‌లో ఓ పేజీ, మార్కుల కోసం బట్టీ పట్టాం, అంతే. ఇప్పుడు చదివితే ఒక్కో లైను వెనక ఎవరో ఒకరి కడుపు మంట కనిపిస్తుంది. యజమాని ఏమేం కోయవచ్చో ఏడో సెక్షన్‌లో జాబితా రాశారు, ఆ జాబితాలో లేనిది కోయకూడదు. జరిమానా రూపాయికి అర్ధణా మించకూడదన్నారు, తర్వాత దాన్ని 3 శాతం చేశారు. గైర్హాజరు కోత ఎన్ని రోజులు రాలేదో అంతకే, ఎక్కువ కాదు. మారిషస్ డబుల్ కట్‌కి ఇది పూర్తిగా అడ్డం. కానీ అందులోనూ ఒక మెలిక పెట్టారు. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది మాట్లాడుకుని నోటీసు లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల జీతం దాకా కోయవచ్చు. సమ్మె చేసేవాళ్లని ఏ కాలంలోనూ మర్చిపోరు. ఇప్పుడు ఈ చట్టం 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది.

1949లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతాల రక్షణ ఒప్పందం చేసింది, నంబరు 95. పని ఇప్పించినందుకు అంటూ యజమానికో, మధ్యవర్తికో కట్టేలా జీతంలోంచి కోయకూడదని తొమ్మిదో ఆర్టికల్. అది చదివి కాసేపు నవ్వుకున్నాను. నేను మొదటిసారి వచ్చినప్పుడు ఏజెంట్ 1200 అన్నాడు. దిగాక చూస్తే రూమ్, తిండి కూడా అందులోనే కలిపి చెప్పాడు. జీతంలోంచి అతనికి ఏమీ కోయలేదు, నిజమే. ముందే ఊళ్లో అప్పు చేసి మా నాన్న కట్టేశాడు కదా.

జగిత్యాల తమ్ముడు పోయే ముందు రోజు మళ్లీ వచ్చాడు. కోపం తగ్గింది. వాళ్ల బావమరిది వీసా కోసం తిరుగుతున్నాడట, ఏజెంట్ రెండు వేలు అంటున్నాడట.

"ఆ రెండు వేలల్ల బేసిక్ ఎంతనో అడగమని చెప్పిన సార్. ఏజెంట్ ఏమో, అన్నీ కలిపి గంత వస్తయి, నీకెందుకు అంటున్నడట."

ఆఫర్ లెటర్ ఫోటో తెప్పించమన్నాను. ఇంకా రాలేదు.