కాళ్ల కింద కాలువ

కెంపేగౌడ 1537లో బెంగళూరు పేట కట్టించేటప్పుడు దొడ్డపేట కూడలి నుంచి నాలుగు దిక్కులకూ అరకలు తోలించాడనీ, ఆ చాళ్లే వీధులయ్యాయనీ ఊళ్లో చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, చిక్కపేట సందుల్లోకి వెళ్తే ఒక సంగతి ఇప్పటికీ తెలుస్తుంది. అవి మనుషులూ ఎడ్లబండ్లూ కలిసి నడిచిన దారులు. వీధంతా నడకదారే కాబట్టి అంచున వేరే బాట అక్కర్లేకపోయింది.

1898లో ప్లేగు విరుచుకుపడ్డాక జనం ఆ ఇరుకు వదిలి బసవనగుడికీ, మల్లేశ్వరానికీ తరలారు. గాలీ వెలుతురూ ఆడేలా అక్కడ వెడల్పాటి వీధులు వేశారు. అప్పటి భయం రోగం గురించే, బండి గురించి కాదు. అయితే అంతకు రెండేళ్ల ముందే లండన్‌లో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే ఆవిడ కారు ఢీకొని చనిపోయింది. బ్రిటన్‌లో అలా పోయిన తొలి పాదచారి ఆమె.

బండ్లు పెరిగేకొద్దీ ఊరు రోడ్డును వెడల్పు చేసింది, ఫుట్‌పాత్‌ను కోసింది. మిగిలినచోట వాననీటి కాలువ మీద బండలు పరిచి అదే నడకదారి అన్నారు. మారతహళ్లి వైపు పీజీల్లో ఉండే మన పిల్లలకు ఈ బండలు బాగా పరిచయం. ఒకటి కాలు పెడితే ఊగుతుంది, రెండోది సగం విరిగి ఉంటుంది, మూడోచోట ట్రాన్స్‌ఫార్మర్. పక్కకు దిగి రోడ్డు మీద నాలుగడుగులు వేస్తామా, వెనక నుంచి స్కూటర్ హారన్. సిగ్నల్ దగ్గర జామ్ అయితే ఆ స్కూటరే ఫుట్‌పాత్ ఎక్కుతుంది. ఎక్కకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే చెప్పారు.

దాటడం గురించి ఊరు చేసిన ఆలోచన ఇంకా విచిత్రం. మెజెస్టిక్‌లో మనిషిని నేల కిందికి దింపారు, ఔటర్ రింగ్ రోడ్డులో మెట్లెక్కించారు. ప్రకటనల హక్కు ఇచ్చి కట్టించిన స్కైవాక్‌లలో కొన్ని నడిచేవాళ్ల కన్నా హోర్డింగ్‌కే ఎక్కువ పనికొస్తాయేమో అనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ మెట్లు చూసి, చేయి అడ్డం చాపి, కిందనే దాటుతుంది. తప్పు ఆవిడదని నేననను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల అడ్డులేని జాగా ఉండాలి, అంచు రాయి 15 సెంటీమీటర్లు మించకూడదు. రోడ్డు మీద లెక్క మాత్రం వేరు: దేశంలో 2022లో ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే.

కొంత మార్పు టెండర్ ష్యూర్ అనే పథకం కింద వేసిన రోడ్లతో వచ్చింది. సెయింట్ మార్క్స్ రోడ్డు, రెసిడెన్సీ రోడ్డు లాంటిచోట్ల వైర్లనూ పైపులనూ ఫుట్‌పాత్ కింద గొట్టాల్లోకి పంపి, పైన విశాలంగా బాట వేశారు. బండ్ల వరుసలను ఒకే వెడల్పుకు తెచ్చారు. రోడ్డు సన్నబడిందని కారున్నవాళ్లు సణిగారు, కానీ దాటాల్సిన దూరం తగ్గింది. చర్చ్ స్ట్రీట్‌ను 2018లో రాళ్లు పరిచి తిరిగి తెరిచారు. 2020 నవంబరు నుంచి కొన్ని నెలలు అక్కడ శని, ఆదివారాల్లో బండ్లను ఆపి చూశారు కూడా.

2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ వాడుకునే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది. ఆ సెప్టెంబరులో ఊరి పాలక సంస్థ బీబీఎంపీ పోయి, దాని చోట ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. ఊగే బండ మీద ఫిర్యాదు చేయాలంటే అది ఎవరి హద్దులో ఉందో ముందు కనుక్కోవాలి.