జేసన్ కిడ్ రాని వేసవి

పోయిన నెల మా టీమ్‌లో ఒక కుర్రాడి మీద చిన్న పంచాయితీ నడిచింది. మనిషి మంచి చురుకు. ఒక వారం వాడు రాసిన కోడ్ చూస్తే, ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకే కుళ్ళు పుడుతుంది. ఇంకో వారం ఏమవుతుందో ఏమో, రెండు గంటల పని నాలుగు రోజులైనా తెమలదు. రేటింగుల సీజన్ వచ్చేసరికి పైవాళ్ళు తేల్చేశారు: "ఈ అబ్బాయిని వేరే ప్రాజెక్టుకి పంపిద్దాం, పదేళ్ళ ఎక్స్‌పీరియెన్స్ ఉన్న మనిషి ఒకడు దొరుకుతున్నాడు, తెచ్చుకుందాం. సోమవారానికి నీ మాట చెప్పు."

ఆ శని, ఆదివారాలు నాకు గుర్తొచ్చింది ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ కాదు. 2003 వేసవిలో శాన్ ఆంటోనియో స్పర్స్ అనే బాస్కెట్‌బాల్ టీమ్ చేసిన ఒక పని. ఇప్పుడు దాని గురించే చెప్తాను. ఆట తెలియని వాళ్ళు కూడా చదవచ్చు, మరీ లోతుకి వెళ్ళను లెండి.

"నగరి వాడికి బాస్కెట్‌బాల్ ఏంటి సామీ" అని మీకు అనుమానం రావచ్చు. మా ఊళ్ళో అందరికీ తెలిసిన చప్పుడు మరమగ్గాలది. అయితే మద్రాసు మాకు వంద కిలోమీటర్ల దూరం. ఆ మద్రాసులోనే హ్యారీ బక్ అనే అమెరికన్ 1920లో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల మొదలుపెట్టాడు. 1891 డిసెంబరులో నైస్మిత్ మాస్టారు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ ఆట కనిపెట్టింది కూడా వై.ఎం.సి.ఏ. వాళ్ళ శిక్షణ పాఠశాలలోనే. ఈ ఆట మన దేశానికి వచ్చిన దారీ అదే. ఆ మద్రాసు కాలేజీలో చదువుకున్న డ్రిల్లు మాస్టర్లు తమిళనాడులోనూ మన చిత్తూరు జిల్లాలోనూ బళ్ళకి చేరారు, వాళ్ళతో పాటే ఆటా చేరింది. మా బళ్ళో ఒక మట్టి కోర్టు, వల లేని ఒక రింగు, దాని కింద ఒక మాస్టారు ఉండేవాళ్ళు.

నేను పొట్టివాణ్ణి కాబట్టి గార్డ్‌గా ఆడించేవాళ్ళు. గార్డ్ అంటే బంతి పైకి తీసుకొచ్చి, ఎవరికివ్వాలో చూసి, సందు దొరికితే తనే వేసే మనిషి. నాకు ఒకరోజు వేసిందల్లా పడేది, మర్నాడు ఒక్కటీ పడేది కాదు. పడనిరోజు మొహం వేలాడేసుకుంటే మా మాస్టారు అనేవాళ్ళు, "పడలేదని ఏడవబాకరా అబ్బయా. నిన్న పడింది గదా, అది యాల పడిందో చెప్పు ముందు." చెప్పలేకపోయేవాణ్ణి. ఆ ప్రశ్నకి జవాబు దొరకకముందే ఇంటర్ కొచ్చేసి ఎంసెట్ గోలలో పడ్డాను. బంతి అక్కడితో సరి.

సరే, అసలు కథలోకి వద్దాం.

టోనీ పార్కర్ 1982లో బెల్జియంలోని బ్రూజ్‌లో పుట్టి ఫ్రాన్స్‌లో పెరిగాడు. నాన్న అమెరికన్, ఐరోపాలో బాస్కెట్‌బాల్ ఆడి బతికిన మనిషి. 2001లో స్పర్స్ వాళ్ళు ఈ కుర్రాణ్ణి పిలిచి పరీక్ష పెట్టారు. అప్పటికి ఆట మానేసి టీమ్ స్కౌట్‌గా పనిచేస్తున్న లాన్స్ బ్లాంక్స్‌ని వీడి మీదకి వదిలారు. బ్లాంక్స్ తోసిన తోపులకి పిల్లవాడు తేలిపోయాడు. కోచ్ గ్రెగ్ పాపోవిచ్ పది నిమిషాలకే "ఇంక చాలు" అనేశాడు. అక్కడితో కథ అయిపోవాల్సిందే. కానీ ఆఫీసులో కొందరు, ముఖ్యంగా ఆర్.సి. బ్యూఫోర్డ్, ఈ అబ్బాయి ఆడిన టేపులు చూపించి ఇంకోసారి పిలిపించారు. రెండోసారి బాగా ఆడాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో 28వ వాడిగా తీసుకున్నారు. సీజన్ మొదలైన కొద్దిరోజులకే, 19 ఏళ్ళ వయసులో, టిమ్ డంకన్, డేవిడ్ రాబిన్సన్ లాంటి మహానుభావులకి బంతి అందించే పని వాడి చేతిలో పెట్టారు.

మొదటి ఏడు ఆటకి సగటున 9.2 పాయింట్లు, రెండో ఏడు 15.5. అంకెలు చూస్తే గ్రాఫ్ పైకే పోతోంది, అంతా బాగున్నట్టే ఉంది. సగటుతో వచ్చే చిక్కే ఇది. సర్వర్ సగటు రెస్పాన్స్ టైమ్ బాగుందని మనం రిపోర్టు పంపిస్తాం, అటు కస్టమరేమో పేజీ తెరుచుకోవట్లేదని మొత్తుకుంటుంటాడు. పార్కర్ కాళ్ళలో మెరుపుంది. రింగు దాకా దూసుకెళ్తే ఆపేవాడు లేడు. దూరం నుంచి షాట్ మాత్రం దేవుడి దయ. అవతలి వాళ్ళు ఆ సంగతి కనిపెట్టి రెండడుగులు వెనక్కి జరిగి "వేసుకో నాయనా" అని వదిలేసేవాళ్ళు. దూరే సందు మూసేస్తే వాడి ఆట సగం అయిపోయినట్టే.

2003 జూన్‌లో ఫైనల్స్ జరిగాయి. అవతల న్యూజెర్సీ నెట్స్. వాళ్ళ గార్డ్ జేసన్ కిడ్, 30 ఏళ్ళవాడు, అప్పటికి లీగ్‌లో అందరికన్నా పెద్ద గార్డ్ అని చాలామంది ఒప్పుకునేవాళ్ళు. 2001లో అతను వచ్చేదాకా నెట్స్ అడుగున పడి ఉన్న టీమ్. అతను వచ్చాక వరసగా రెండేళ్ళు ఫైనల్స్‌కి తీసుకొచ్చాడు. నేను అప్పుడు ఆన్‌సైట్‌లో ఉన్నాను. నలుగురం ఉండే అపార్ట్‌మెంట్‌లో మిగతా ముగ్గురూ క్రికెట్ వాళ్ళు. నేనొక్కణ్ణే టీవీ ముందు కూచునేవాణ్ణి. మూడో ఆటలో పార్కర్ కిడ్ ఎదురుగానే 26 పాయింట్లు వేశాడు. నేను సోఫా మీంచి లేచి గంతులేశాను. నాలుగో ఆటకి వచ్చేసరికి ఆ చెయ్యే కాదు, వేసిందల్లా బయటికే. టైటిల్ తేలిన ఆరో ఆట చివరి క్వార్టర్‌లో స్పర్స్ వెనకబడి ఉండి, వరసగా 19 పాయింట్లు కొట్టి గెలిచారు. ఆ సమయంలో గార్డ్‌గా కోర్టులో ఉన్నది పార్కర్ కాదు, స్పీడీ క్లాక్స్‌టన్. ఆ రోజు అతను 13 పాయింట్లు వేశాడు. టీమ్ చాంపియన్ అవుతుంటే 21 ఏళ్ళ కుర్రాడు బెంచీ మీద కూచుని చూశాడు.

ఇక్కడి నుంచే నాకు ఆసక్తి. రాబిన్సన్ రిటైరయ్యాడు, అతని జీతం ఖాళీ అయింది. కిడ్ కాంట్రాక్టూ అయిపోయింది. స్పర్స్ ఏమాత్రం మొహమాటపడకుండా కిడ్‌ని శాన్ ఆంటోనియోకి పిలిపించి మర్యాదలు చేశారు. పేపర్ల నిండా అదే వార్త. చాంపియన్ టీమ్ గార్డ్ ఉద్యోగానికి బహిరంగంగా ఇంటర్వ్యూ జరుగుతోంది, ఆ గార్డ్ ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు! ఇది నా కుర్చీ అని పార్కర్ పైకే చెప్పుకున్నాడు. ఎవరు మాత్రం నొచ్చుకోరు? మన క్యూబికల్ ముందే మన పోస్టుకి కాండిడేట్‌ని తిప్పి చూపిస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

స్పర్స్‌ది తప్పా అంటే, ఆ రోజు నన్నడిగినా "తెచ్చుకోండి" అనే అనేవాణ్ణి. డంకన్ ఒళ్ళు బాగున్న రోజులు ఎన్నో ఉండవు. కుర్రాడు ఎప్పుడు స్థిరపడతాడో ఎవరూ రాసివ్వలేరు. పదేళ్ళ అనుభవం ఎదురుగా కనపడుతోంది. లెక్క ప్రకారం అది సరైన నిర్ణయమే.

కిడ్ రానన్నాడు. నెట్స్‌తోనే ఆరేళ్ళకి సంతకం పెట్టాడు.

అంటే పార్కర్ మిగిలింది ఎవరో మహా దూరదృష్టితో వాణ్ణి నమ్మినందువల్ల కాదు. అవతలివాడు కాదన్నందువల్ల. ఈ కథని "ఓర్పు పడితే ఫలితం" అని నీతికథలా చెప్పేవాళ్ళు ఈ ముక్క మింగేస్తారు. ఓర్పు స్పర్స్‌కి వేరే దారి మూసుకుపోయాక వచ్చింది. కానీ వచ్చాక దాన్ని వాళ్ళు వాడుకున్న తీరు మాత్రం మెచ్చుకోవాలి. మరుసటేడు, 2004 చివర్లో, అదే పార్కర్‌తో ఆరేళ్ళ ఒప్పందం చేసుకున్నారు. అంటే నిన్న మొన్న వేరేవాణ్ణి వెతికినా, ఇవాళ మాత్రం "ఉండు" అని కాగితం మీద చెప్పారన్నమాట.

తర్వాత రెండు సంగతులు జరిగాయి. మొదటిది బయటది. 2004-05 సీజన్ నుంచి లీగ్ వాళ్ళు, బంతి ఉన్న గార్డ్ ఒంటి మీద చెయ్యి వేసి అడ్డుకోవడం మీద నిబంధన గట్టిగా అమలు చేశారు. దాంతో కాలి వేగం ఉన్నవాళ్ళ పంట పండింది. స్టీవ్ నాష్ 2005లోనూ 2006లోనూ ఎం.వి.పి. అయ్యాడు. పార్కర్‌కీ దారి వెడల్పయింది. మనిషి ఎదగడం అనే దాన్లో ఇట్లాంటి వాటా కూడా ఉంటుంది, మనం దాన్ని రెజ్యూమేలో రాసుకోం అంతే.

రెండోది లోపలిది. 2005లో స్పర్స్ చిప్ ఎంగెలాండ్ అనే షూటింగ్ కోచ్‌ని పెట్టుకున్నారు. పార్కర్ షాట్ సరిగ్గా లేదని ఊరంతా అంటున్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? మూడు పాయింట్ల గీత దగ్గర నిలబెట్టి రోజుకి అయిదొందలు వేయిస్తారు. ఈయన తిరగేశాడు. మూడు పాయింట్ల షాటుని ప్రస్తుతానికి పక్కన పెట్టేయమన్నాడు. బంతి మీద బొటనవేలు ఉండే చోటు దగ్గర్నుంచి సరిచేస్తూ, దగ్గర, మధ్య దూరం షాట్ల మీద కూచోబెట్టాడు. దానికి తోడు పార్కర్‌కి చిన్నప్పటి నుంచీ ఉన్న ఆయుధం ఒకటుంది, "టియర్‌డ్రాప్". పెద్ద పెద్ద మనుషులు చేతులు చాచి నిలబడితే, వాళ్ళ వేళ్ళ పైనుంచి కన్నీటిబొట్టులా మెత్తగా జారవిడిచే షాట్ అది.

2005-06లో వాడు వేసిన షాట్లలో 54.8 శాతం పడ్డాయి. మొదటి ఏడాది ఇది 41.9. ఆరడుగుల రెండంగుళాల గార్డ్‌కి 54.8 అంటే మాటలు కాదు, రింగు కింద నిలబడి వేసే ఏడడుగుల వాళ్ళ అంకె అది. ఆ ఏడే మొదటిసారి ఆల్‌స్టార్. 2007 ఫైనల్స్‌లో స్పర్స్ క్లీవ్‌లాండ్‌ని నాలుగుకి నాలుగు ఓడించారు. పార్కర్ ఆటకి సగటున 24.5 పాయింట్లు వేసి ఫైనల్స్ ఎం.వి.పి. అయ్యాడు, ఐరోపా నుంచి మొట్టమొదటివాడు. నాలుగేళ్ళ క్రితం బెంచీ మీద కూచున్నవాడే. నాకు నచ్చింది మాత్రం ట్రోఫీ కాదు. ఆ నాలుగు ఆటల్లో వాడి షాట్ ఎందుకు పడుతోందో వాడికి తెలుసు. మా డ్రిల్లు మాస్టారి ప్రశ్నకి జవాబు చెప్పగలిగేవాడన్నమాట.

ఇప్పుడు రెండోవైపు కూడా చూడకపోతే అన్యాయం. కిడ్ వచ్చి ఉంటే? 2004 వేసవిలో అతని మోకాలికి పెద్ద ఆపరేషన్ జరిగింది. కాబట్టి స్పర్స్ బతికిపోయారని అనుకోవచ్చు. కానీ అతను కోలుకున్నాడు, ఇంకా చాలా ఏళ్ళు ఆడాడు, 2011లో 38 ఏళ్ళ వయసులో డల్లాస్‌కి టైటిల్ తెచ్చాడు. అతను స్పర్స్‌కి వచ్చి ఉన్నా వాళ్ళు గెలిచేవాళ్ళేమో. అప్పుడు మనం "భలే నిర్ణయం" అని రాసుకునేవాళ్ళం. పార్కర్ ఇంకెక్కడో సగంలో మిగిలిన పేరయ్యేవాడేమో. అట్లా మిగిలిపోయిన వాళ్ళ చరిత్ర ఎవరూ రాయరు.

ఇంకో విచిత్రం. ఆ కిడ్ కూడా కుర్రతనంలో షాట్ లేనివాడే! 1994లో లీగ్‌కి వచ్చినప్పుడు అతని మూడు పాయింట్ల షాట్లు వందకి 27 పడేవి. జంప్ షాట్‌లో మొదటి అక్షరం అతని పేరులోనూ మొదటి అక్షరమే కదా, అది అతని దగ్గర లేదని వెక్కిరిస్తూ "జేసన్" లోంచి ఆ అక్షరం తీసేసి "ఏసన్" అనేవాళ్ళు. ఆ మనిషి 2009-10లో, 36 ఏళ్ళ వయసులో, వందకి 42కి పైగా వేశాడు. 2013లో రిటైరయ్యేనాటికి మూడు పాయింట్ల షాట్లలో లీగ్ చరిత్రలోనే మూడోవాడు, మొత్తం 1,988. పార్కర్ లేని షాటుని పక్కన పెట్టి నిలకడ తెచ్చుకున్నాడు. కిడ్ లేని షాటుని పదిహేనేళ్ళు సాధన చేసి తెచ్చుకున్నాడు. కిడ్ 2018లో, పార్కర్ 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరారు. ఇద్దరికీ ఒకే మందు పనిచేసేది కాదు. ఇద్దరికీ కావాల్సి వచ్చింది మాత్రం టైమే.

సోమవారం వచ్చింది. నేను మా పైవాళ్ళతో పార్కర్ కథ చెప్పలేదు లెండి, చెప్తే నన్నే వేరే ప్రాజెక్టుకి పంపేవాళ్ళు :) అంతకుముందే ఆ అబ్బాయి ఏడాది పని అంతా ముందేసుకుని కూచున్నాను. బాగా చేసిన వారాలన్నీ ఒక రకం పని, చేతులెత్తేసిన వారాలన్నీ ఇంకో రకం. చాలాభాగం క్లయింటుతో మాట్లాడి, తనే రిక్వైర్‌మెంట్ తేల్చుకోవాల్సినవి. అంటే వాడిలో నిలకడ లేదని మేం అంటున్న దాన్లో సగం, వాడికి రాని షాటుని మేమే రోజూ వేయించడం. ఏడాది పొడుగునా ఆ సంగతి చూడకుండా రేటింగ్ అంకెలు చూస్తూ కూచున్నది నేనే.

"ఆరు నెలలు నా దగ్గరే ఉంచండి, ఆ పని కొన్నాళ్ళు నేను చూసుకుంటాను" అన్నాను. ఒప్పుకున్నారు. దొరికిన ఆ ఎక్స్‌పీరియెన్స్ మనిషి కూడా వేరే ఆఫర్ తీసుకున్నాడట. కాబట్టి ఇక్కడా నా గొప్పేం లేదు.

కుర్రాణ్ణి పిలిచి తిట్టలేదు, పొగడలేదు. పోయిన నెల వాడు అందరికన్నా బాగా చేసిన మాడ్యూల్ తెరిచి, మా మాస్టారు అడిగిందే అడిగాను. ఇది ఎందుకు బాగా వచ్చిందో చెప్పు ముందు, అని. చాలాసేపు తల గోక్కున్నాడు. ఇంకా చెప్పలేదు. చూద్దాం, ఆరు నెలలుంది.