ఎండని బావి



ఊరికి మేలుచేసిన వారు గతించినప్పుడు వారి పేర బావి త్రవ్వించుటయు, సత్రము కట్టించుటయు, తోట వేయించుటయు మన పూర్వుల మర్యాద. దప్పిగొన్న బాటసారి నీరు త్రాగిన ప్రతి పర్యాయమును ఆ పేరు మరల జీవించెడిది. ప్రజారోగ్యమునకై పాటుపడిన వారి పేర విద్యార్థివేతనము నెలకొల్పుటయు అట్టి బావియే. ఇందుకు నిదర్శనముగా హైదరాబాదులోని బంజారా హిల్సున వెలసిన యొక కంటి వైద్యశాల చరిత్రను మనవి చేసెదను.

ఏలూరు చెంత సోమవరప్పాడున రైతు కుటుంబములో పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు గారు బొంబాయి చేరి, 1931లో తొలి భారతీయ టాకీయైన ‘ఆలం ఆరా’లో చిన్న వేషము వేసిరి. పిమ్మట ‘మనదేశం’, ‘షావుకారు’, ‘మిస్సమ్మ’ మొదలగు చిత్రములకు దర్శకత్వము వహించిరి. లోకము వారిని ఎల్.వి. ప్రసాద్ గారని యెరుగును. వారు వైద్యులు కారు. చూపరుల కన్నులే వారికి జీవనాధారము.

అమెరికాలోని రోచెస్టరున నేత్రవైద్యులుగా నుండిన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్వదేశమునకు మరలి, ఇచట నేత్రవైద్య సంస్థను స్థాపింప సంకల్పించిరి. ప్రసాద్ గారు అయిదెకరముల భూమిని, కోటి రూపాయల ధనమును ఒసగిరి. 1987లో ఆ సంస్థ వారి పేరనే పని ప్రారంభించెను. 1994లో ప్రసాద్ గారు గతించిరి. పేరు మాత్రము నిలిచినది.

అయితే నగరపు గుట్టమీది వైద్యశాల పల్లెలోని ముసలమ్మకు ఎట్లందును? 1996 మొదలు 2000 వరకు ఆ సంస్థవారు హైదరాబాదు, పశ్చిమగోదావరి, అదిలాబాదు, మహబూబునగరు ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించిరి. నూటికి ఇంచుమించు ఇద్దరు అంధులని తేలినది. వారిలో సగమునకు పైగా అంధత్వమునకు కారణము శుక్లములును, తగిన కండ్లజోడు లేకపోవుటయునే. మొదటిదానికి చిన్న శస్త్రచికిత్స, రెండవదానికి అద్దములు చాలును. కొరవడినది చేరువలోని మనిషి!

ఆ కొరత తీర్చుటకై 1996లో అదిలాబాదు జిల్లా ముథోలున గ్రామీణ నేత్రవైద్య కేంద్రమును తెరచిరి. తరువాత ఏబదివేల జనాభాకు ఒకటి చొప్పున చిన్న దృష్టికేంద్రములు నెలకొల్పు పద్ధతి పుట్టినది. వాటిలో పనిచేయుటకు ఆయా ప్రాంతముల యువతీయువకులనే యెంచి, ఒక సంవత్సరము శిక్షణ నిచ్చిరి. వారు చూపును పరీక్షించి అద్దములు వ్రాయుదురు. చికిత్స అవసరమైన వారిని పై వైద్యశాలకు పంపుదురు. ఎవరి కన్ను మసకబారుచున్నదో వారు ముందే యెరుగుదురు. ఏలయన, వారు ఆ యూరి బిడ్డలు.

భవనము పాతబడును, నేర్చిన విద్య మరియొకరికి నేర్పినకొలది పెరుగును. మీ గ్రామమునను ఇంటింటికి తిరిగి టీకాలు వేసిన నర్సమ్మయో, కలరానాడు బావులలో మందు చల్లించిన ఆరోగ్యాధికారియో ఉండియే యుందురు. వారి పటమునకు పూలదండ వేయుట మంచిదే. దానితోపాటు ఊరందరు కూడి కొంత మూలధనము సమకూర్చుడు. అసలు ముట్టక, వడ్డీతో ఏటేట ఒక పేద విద్యార్థికి ఆరోగ్యవిద్య చెప్పింపుడు. చదువు ముగిసిన పిదప కొన్నియేండ్లు ఈ ప్రాంతముననే సేవ చేయుదునని మాట తీసికొనుడు. ధర్మకర్తలు ఏటేట పదిమందిలో లెక్క చదివి వినిపింపవలయును. లెక్క దాగినచోట ధర్మము నిలువదు.

అప్పుడు ఆ నర్సమ్మ పేరు పటములో గాక, మరియొకరి చేతి పనిలో జీవించును.